మెదడులో నల్లమందుకు చోటెక్కడిది?

వ్యసనమనే సంస్కృతపదానికి మూలం 'విసరివేయుట' అనే అర్థం గల ధాతువు. మనిషిని మేలుకు దూరంగా విసరివేసేది వ్యసనం. ఆ మాటకే ఆపద అనే అర్థమూ ఉన్నది. జూదం, పానం, వేట, పరుషవాక్కు మొదలైనవాటిని చేర్చి మన పెద్దలు సప్తవ్యసనాలన్నారు. రాజు నడవడిలోని దోషాలుగా వాటిని ఎంచారు. ఈ జాబితా పిల్లల చేత వల్లె వేయించని తెలుగు పండితుడు ఉండడనుకుంటాను. మద్యాన్నీ వేటనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టడంలో ఒక తీర్పు దాగి ఉన్నది. లోపం సరకులో లేదు, మనిషి నిగ్రహంలో ఉన్నదని ఆ తీర్పు. పాశ్చాత్యులూ చాలాకాలం ఇంచుమించు ఇట్లాగే తలచారు.

ఈ తీర్పును కదిలించిన ప్రయోగాలలో ఒకటి 1972లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగినది. చేసినది పేరుపొందిన ఆచార్యుడు కాదు, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం చదువుతున్న కాండేస్ పెర్ట్ అనే ఇరవయ్యారేళ్ల విద్యార్థిని. ఆమె గురువు సాలమన్ స్నైడర్.

అప్పటి పరిస్థితి కొంత చెప్పాలి. వియత్నాం యుద్ధంలోని అమెరికా సైనికులు అనేకులు హెరాయిన్‌కు అలవాటు పడ్డారు. 1971 జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ మాదకద్రవ్యాల దుర్వినియోగాన్ని దేశానికి ప్రథమశత్రువుగా ప్రకటించాడు. పరిశోధనలకు ధనం ప్రవహించినది. హెరాయిన్, మార్ఫిన్ రెండింటికీ పుట్టినిల్లు నల్లమందే. (మన అభిని; సంస్కృతంలో అహిఫేనం. 'పాము నురుగు' అని అర్థం చెప్పుకుంటాం గాని, అది అరబ్బుల 'అఫ్యూన్'కు మనవాళ్లు తొడిగిన సంస్కృతవేషం కావచ్చు.)

ఇంత కొద్ది మందు అంత పెద్ద మత్తును ఎట్లా కలిగిస్తుంది? తాళంలో చెవి ఇమిడినట్లు అది ఇమిడే చోటు, అనగా గ్రాహకం, మెదడులో ఉండి తీరాలని చాలామంది ఊహించారు. చూపించినవారు మాత్రం లేరు. చిక్కెక్కడంటే, ఎలుక మెదడును నూరి అందులో మార్ఫిన్ వంటి మందును కలిపితే అది కనబడిన ప్రతిదానికీ అంటుకుంటుంది. పిండి చేతికి అంటినట్లు అంటినదేదో, తాళంలో ఇమిడినదేదో విడదీయడమెట్లా? దారి చూపినవాడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు అవ్రామ్ గోల్డ్‌స్టీన్. కుడిచేయి, ఎడమచేయి వలె ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబమైన మందులు రెండున్నాయి. వాటిలో లెవార్ఫనాల్ నొప్పిని తగ్గిస్తుంది, డెక్స్‌ట్రార్ఫన్‌కు ఆ శక్తి లేదు. నిజమైన తాళమైతే మొదటిదానికి లొంగాలి, రెండవదానికి లొంగకూడదు.

మార్ఫిన్ జాతి మందుతోనే పెర్ట్ చేసిన తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. గురువు ఆ పని ఆపమన్నాడనీ, తాను ఆపలేదనీ ఆమె తరువాత తన పుస్తకంలో రాసుకున్నది. అప్పుడామె నలాక్సోన్ వైపు తిరిగినది. అది మత్తు కలిగించదు సరికదా, నల్లమందు ప్రభావానికే విరుగుడు. ఆ తాళాన్నే మరింత గట్టిగా పట్టుకుంటుంది. దానికి రేడియోధార్మిక హైడ్రోజన్‌ను తగిలించి, నూరిన మెదడులో కలిపి, వడగట్టి, కడిగి, మిగిలినదెంతో లెక్కించినది. లెవార్ఫనాల్ కలిపితే నలాక్సోన్ ఊడివచ్చినది, డెక్స్‌ట్రార్ఫన్‌కు కదలలేదు. తాళం దొరికినది! 1973 మార్చిలో 'సైన్స్' పత్రికలో వ్యాసం వెలువడినది. అదే ఏడు న్యూయార్కులో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్ విడివిడిగా ఇదే విషయాన్ని నిరూపించారు.

అసలు ప్రశ్న అప్పుడే పుట్టినది. గసగసాల కాయలోని పాలకు మనిషి మెదడు చోటు ఎందుకు సిద్ధంగా ఉంచినది? ఆ తాళానికి మన ఒంట్లోనే చెవి ఉండాలి. 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూజ్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ పంది మెదళ్ల నుండి దానిని తీసి, ఎన్‌కెఫలిన్ అని పేరు పెట్టారు. నల్లమందు మారుచెవి మాత్రమే, తాళం మనదే.

1978లో లాస్కర్ పురస్కారం స్నైడర్, హ్యూజ్, కాస్టర్‌లిట్జ్‌లకు దక్కినది. పెర్ట్‌కు లేదు. ఆమె ఊరుకోలేదు, ఆక్షేపిస్తూ లేఖ రాసినది; పెద్ద వివాదమైనది. ఏకలవ్యుని కథతో పోల్చబుద్ధవుతుంది గాని పోలిక సరిగా అతకదు. ఇక్కడ గురువు బొటనవేలు అడగలేదు. విల్లు తనదే గనుక వేటంతా తనదేనని లోకం అంటే కాదనలేదు, అంతే. నాకైతే ఆ పురస్కారంలో ఆమెకు భాగం ఉండవలసినదే అనిపిస్తుంది. ఆమె 2013లో మరణించినది.

నూరిన మెదడు నుండి బ్రతికి ఉన్న మెదడు బొమ్మ దాకా రావడానికి మరో పన్నెండేళ్లు పట్టినది. 1985లో హాప్కిన్స్‌లోనే జేమ్స్ ఫ్రాస్ట్ బృందం ఇరవై నిమిషాలలో సగమైపోయే రేడియోధార్మిక కార్బన్‌ను నల్లమందు జాతి మందుకు తగిలించి, పెట్ స్కానింగు ద్వారా మనిషి మెదడులో ఈ గ్రాహకాలున్న చోట్లను చిత్రించినది. 1996లో అదే పద్ధతితో కొకెయిన్‌కు అలవాటుపడినవారిని పరీక్షిస్తే, మందు కోసం ఎవరు ఎక్కువ తహతహలాడుతున్నారో వారి మెదడు బొమ్మలో ఆ గుర్తు ఎక్కువగా కనబడినది. వారి తహతహ బొమ్మకెక్కినది.

అయితే తప్పంతా మెదడుదేనని తేల్చేయవచ్చునా? అదీ తొందరపాటే. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఇంటికి వచ్చాక పరిశీలించినది. మొదటి ఏడాదిలో తిరిగి బానిసలైనవారు నూటికి ఐదుగురు మాత్రమే. గ్రాహకాలు అవే, మెదడూ అదే. మారినది ఊరు, తోడు, భయం. పెట్ స్కానింగు బొమ్మలో ఇవేవీ పడవు.

పెర్ట్ వాడిన నలాక్సోన్ ఇప్పుడు ప్రాణాలు కాపాడుతున్నది. హెరాయిన్ మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవారి ముక్కులో దానిని కొడితే, తాళంలోని హెరాయిన్‌ను తోసివేసి తాను కూర్చుంటుంది; ఊపిరి తిరిగి వస్తుంది. 2023 నుండి అమెరికాలో దానిని వైద్యుని చీటీ లేకుండానే దుకాణంలో కొనుక్కోవచ్చు.