ఉత్పతనం – సరిహద్దు పొర స్థిరత్వం: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం
పళ్లెంలో ఉంచిన కర్పూరం బిళ్ల కరగకుండానే క్రమంగా తరిగిపోవడం మీరు గమనించే ఉంటారు. ఘనపదార్థం ద్రవస్థితికి రాకుండా నేరుగా వాయువుగా మారడాన్ని ఉత్పతనం అంటారు. ఇందుకు కావలసిన ఉష్ణాన్ని అది పరిసరాల నుంచి గ్రహిస్తుంది. క్షిపణి ముక్కును కాపాడేది ఈ గుణమే. అయితే ఆ రక్షణతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది.

నేపథ్యం
వస్తువును ఆనుకొని సాగే పలుచని గాలి పొరే సరిహద్దు పొర. ఈ భావనను 1904లో లుడ్విగ్ ప్రాంటల్ ప్రతిపాదించాడు. పొర వరుసగా సాగితే అది స్తరీయ ప్రవాహం. చిన్న అలజడులు పెరిగి పొర చెదిరితే అది సంక్షుభిత ప్రవాహం. అప్పుడు ఉపరితలానికి చేరే వేడి కొన్ని రెట్లు పెరుగుతుంది. 1950వ దశకంలో తరిగిపోయే కవచాలు రూపొందాయి. 1960వ దశకంలో గాలి సొరంగాల్లో కర్పూరం నమూనాలనే పరీక్షించారు.

ఉత్పతనం ప్రభావం
1. ఉపరితలం చల్లబడుతుంది. ధ్వని వేగాన్ని కొద్దిగా మించిన ప్రవాహంలో ఇది అలజడులను అణచివేస్తుంది. అంతకన్నా చాలా ఎక్కువ వేగాల్లో ధ్వని తరంగాల వంటి మరో రకం అలజడి ప్రధానమవుతుందని లెస్టర్ మాక్ చూపాడు. చల్లని ఉపరితలం దాన్ని మరింత పెంచుతుంది.
2. వెలువడే వాయువు పొరను మందం చేసి, సాధారణంగా స్థిరత్వాన్ని తగ్గిస్తుంది.
3. ఉపరితలం అన్నిచోట్లా సమానంగా తరగదు. ఏర్పడిన గరుకుదనం కొత్త అలజడులకు కారణమవుతుంది.

తెలంగాణ అనుభవం
జహీరాబాద్ నుంచి ముంబై రహదారిపై సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో అగ్ని క్షిపణి రూపుదిద్దుకుంది. తొలి ప్రయోగం 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి జరిగింది. వాతావరణంలోకి తిరిగివచ్చేటప్పుడు దాని ముక్కు సుమారు 3000 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకోవాలి. అందుకోసం కార్బన్-కార్బన్ మిశ్రమాన్ని వాడారు. కార్బన్ ముందు ఆక్సిజన్‌తో కలిసి తరుగుతుంది, ఇంకా వేడెక్కితే ఉత్పతనం చెందుతుంది. ముక్కు ఒకవైపు ఎక్కువ తరిగితే క్షిపణి గురి తప్పుతుంది. కవచం మందాన్ని తక్కువగా అంచనా వేస్తే లోపలి పరికరాలే కాలిపోతాయి. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లోనే మాక్ 5 నుంచి 12 వరకు పరీక్షించగల గాలి సొరంగం ప్రారంభమైంది.

సారాంశం
ఉత్పతనం వేడిని తీసుకుపోతుంది, అదే సమయంలో వేడిని పెంచే అలజడికీ దారితీయవచ్చు. కవచాన్ని, దానిపై సాగే గాలిని కలిపి లెక్కించాలన్నదే ఈ చరిత్ర నేర్పిన పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
ఉపరితలం చల్లబడటం అన్ని వేగాల్లోనూ ఒకే ఫలితాన్ని ఎందుకు ఇవ్వదు?