పసిబిడ్డ సాయంకాలపు ఏడుపు

పత్తితీతలు, మిరపకోతలు సాగే రోజులలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో పొద్దు వాలేవేళ ఏదో ఒక ఇంట పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్వడం వినవస్తుంది. ముఖము కందిపోతుంది, కాళ్లు కడుపులోనికి ముడుచుకుంటాయి. దిష్టి తగిలినదని అమ్మమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు బిడ్డచుట్టూ తిప్పి నిప్పులలో వేస్తుంది. కొంతసేపటికి ఏడుపు ఆగుతుంది. ఘనత మిరపకాయలకు దక్కుతుంది.

ఈ ఏడుపును గూర్చి మన పూర్వులు ఆలోచించకపోలేదు. మాటలు రాని బిడ్డ బాధను చేష్టలనుబట్టి గుర్తించే విధానము కాశ్యపసంహితలో ఒక అధ్యాయముగా ఉన్నది. చన్ను విడిచి ఏడ్చుట, కడుపు బిగియుట, ముఖమున చెమట పట్టుట శూలకు గుర్తులని అందులో చెప్పినారు. రోగి చెప్పలేని రోగమును కంటితో చదవవలెనన్న ఈ దృష్టి మెచ్చదగినది.

తరువాతి కాలములో చూపు తగ్గి మందు పెరిగినది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హాములో విలియం వుడ్‌వర్డ్ అనే మందులవర్తకుడు గ్రైప్ వాటరు తయారుచేసినాడు. అందులో శతపుష్ప నూనె, సోడా, పంచదారలతోపాటు ఆల్కహాలు కూడ ఉండేది. బిడ్డ నిద్రపోవుటలో ఆశ్చర్యమేమున్నది! బ్రిటనులో ఆ ఆల్కహాలును తొలగించినది 1990 దశకములోనే. మన ఇండ్లలో అరగదీసి నాకించే వసకొమ్మును గూర్చి కూడ ఒక మాట చెప్పవలె. అందులోని అసరోను హానికరమని అమెరికా 1968లో వసను ఆహారపదార్థములలో నిషేధించినది. కడుపునొప్పికి వాడిన డైసైక్లోమిను చుక్కలవలన కొందరు శిశువులకు ఊపిరి ఆగిన సంఘటనలు బయటపడి, ఆరునెలలలోపు వారికి ఇవ్వరాదని 1980 దశకములో తేలినది.

ఇంతకూ ఈ బాధ ఏమిటి? కోలిక్ అన్న పేరు పెద్దప్రేగు పేరునుండి పుట్టినది గాని, ప్రేగే కారణమని నేటికిని రుజువు కాలేదు. 1954లో అమెరికాలో మారిస్ వెస్సెల్ అనే శిశువైద్యుడు కారణము వెదకుట మాని గంటలు లెక్కపెట్టినాడు. చక్కగా పాలు త్రాగి పెరిగే బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడ్చినచో అది కోలిక్ అన్నాడు. 1962లో బ్రేజిల్టన్ 80 మంది శిశువుల తల్లులచేత ఏడుపు వేళలు వ్రాయించినాడు. ఆరవ వారములో ఏడుపు రోజుకు సుమారు రెండుముప్పావు గంటలకు చేరి, తరువాత తగ్గినది; ఎక్కువ భాగము సాయంకాలమే. మూడు, నాలుగు నెలలకు ఇది తనంతట తానే సద్దుమణుగుతుంది. కనుకనే ఏ మందు వేసినా, దిష్టి తీసినా అది పనిచేసినట్లే కనబడినది.

అయితే ఈ నమ్మకమే ఒక్కొక్కప్పుడు ప్రాణము తీస్తుంది. ప్రేగు ప్రేగులోనికి చొచ్చుకొనిపోయే జబ్బులో కూడ బిడ్డ కాళ్లు ముడిచి, తెరలు తెరలుగా ఏడుస్తాడు. ఇది ఎక్కువగా కోలిక్ తగ్గిపోవలసిన వయస్సులో, నాలుగు నెలలు దాటిన తరువాత వస్తుంది. కోపెన్‌హాగన్ వైద్యుడు హిర్ష్‌స్ప్రుంగ్ నీటి ఒత్తిడితో ప్రేగును వెనుకకు నెట్టిన పద్ధతిని 1876లో ప్రకటించినాడు. నేడు గాలితోను చేస్తున్నారు. ఆలస్యమైతే ప్రేగు కుళ్లి, కోయక తప్పదు.

కాబట్టి ఆకుపచ్చని వాంతి, మలములో నెత్తురు లేక ఎర్రని జిగట, ఉబ్బిన కడుపు, గజ్జలలో గట్టి వాపు, పాలు మానుట, మూత్రము తగ్గుట, మగతగా వాలిపోవుట, మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరము — వీటిలో ఏ ఒక్కటి కనబడినా, రాత్రి అయినా సరే, ఆసుపత్రికి తీసుకొనిపోవలె. ఇవేవీ లేని ఏడుపుకు ఎత్తుకొని తిప్పుట చాలును. విసిగిన చేతులతో బిడ్డను కుదిపితే మెదడులో నెత్తురు చిమ్మవచ్చును. అట్టివేళ బిడ్డను మంచముపై వెల్లకిల పడుకోబెట్టి, ఇంటిలో మరొకరిని పిలువవలె.