కాదనగల అంకె, ఔననలేని అంకె

అమెరికాలో మజిల్ కార్ల జోరుకు ఊపు తెచ్చింది 1964 పాంటియాక్ జీటీవో. దాని 389 ఘనపుటంగుళాల ఇంజిన్ మీద నాలుగు బారెళ్ల కార్టర్ కార్బురేటర్ ఒకటి ఉంటే 325 హార్స్‌పవర్, రెండు బారెళ్ల రోచెస్టర్లు మూడు ఉంటే 348 అని కంపెనీ ప్రకటించింది. 1967 మోడళ్లకు వచ్చేసరికి, ఒకటికి మించి కార్బురేటర్లు ఒక్క కార్వెట్‌కు తప్ప వద్దని జనరల్ మోటార్స్ ఆంక్ష పెట్టింది. దాంతో మూడింటి స్థానంలో ఒక్క రోచెస్టర్ క్వాడ్రాజెట్ వచ్చి కూర్చుంది. కార్బురేటర్ మారితే కారు హోదా, ధర, చరిత్ర మూడూ మారేవన్నమాట. అందుకే పాత కార్లను బాగుచేయించి దాచుకునేవారు ‘సరైన’ కార్బురేటర్ కోసం అంతగా వెతుకుతారు. ఆ వెతుకులాటకు ఆధారం దాని మీది అంకెలే. అయితే ఆ అంకెల శక్తి ఒకవైపుకే పనిచేస్తుంది. ఫలానా కార్బురేటర్ ఈ కారుది కాదని అవి తేల్చగలవు. ఈ కారుదేనని మాత్రం ఎన్నటికీ తేల్చలేవు.

ముందుగా, అంకెలన్నీ ఒకే భాష మాట్లాడవు. హోలీ కంపెనీ కార్బురేటర్ రకాన్ని గుర్తించే తన లిస్ట్ నంబరును చోక్ పక్కన, గాలి లోపలికి వెళ్లే మూతి మీద అచ్చు గుద్దేది. దాని కింద ఉండే మూడంకెల తేదీలో మొదటిది సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, మూడోది వారం. 1960ల చివరి క్వాడ్రాజెట్‌కు నంబరు ప్రధాన భాగం ఎడమ పక్కన నిలువుగా ఉంటుంది. 7029తో మొదలైతే 1969 మోడల్, 7040తో మొదలైతే 1970 మోడల్. షెవ్రొలే కార్లలో చివరి అంకె సరిసంఖ్య అయితే సాధారణంగా ఆటోమేటిక్ గేర్, బేసి అయితే మాన్యువల్. కార్టర్ గుర్తింపు చాలావరకు స్క్రూ కింద బిగించిన చిన్న రేకు బిళ్ల మీద ఉండేది. ఎవరో మెకానిక్ మూత విప్పి, బిళ్లను పక్కన పడేస్తే ఆ ఆధారం పోయినట్టే. లోపల పెట్రోలు వెళ్లే రంధ్రాలున్న జెట్ల మీది అంకెలూ ఒకే భాషవి కావు. రోచెస్టర్ ప్రధాన జెట్ మీద 71 అంటే రంధ్రం వ్యాసం అంగుళంలో వెయ్యింట 71 వంతులు. హోలీ జెట్ మీద అదే 71 రంధ్రం కొలత కాదు, పెట్రోలు ప్రవాహాన్ని బట్టి ఇచ్చిన సంఖ్య.

ఉదాహరణకు 1969 షెవ్రొలే కమారో జడ్/28 తీసుకుందాం. దానికి తగినది హోలీ లిస్ట్ 4053, నిమిషానికి 780 ఘనపుటడుగుల గాలి పీల్చేది. అమ్మకానికొచ్చిన కారు కార్బురేటర్ మీద ఆ నంబరే ఉండి, తేదీ 923 అని ఉందనుకోండి. అంటే 1969 ఫిబ్రవరి మూడో వారం. కారు జనవరిలోనే తయారై ఉంటే ఇక వాదన అక్కర్లేదు. ఆ కార్బురేటర్ తర్వాత వచ్చి చేరినదే. అదే తేదీ కారు తయారీకి కొన్ని వారాల ముందుదైతే? పొంతన కుదిరిందని మాత్రమే అర్థం. ఇంజిన్ బ్లాకు మీద కారు నంబరులోని భాగాన్ని కొట్టే ఆచారం ఉండేది గానీ, కార్బురేటర్ మీద కారు నంబరు కొట్టలేదు. ఒకే వారంలో పుట్టిన ఒకే నంబరు కార్బురేటర్లలో ఏది ఏ కారుకు వెళ్లిందో లోహం చెప్పదు. పైగా రీబిల్డింగ్ షాపుల్లో ఒకదాని మూత, ఇంకోదాని అడుగు భాగం కలిసిపోయేవి. క్వాడ్రాజెట్‌లో నంబరు నడిమి భాగం మీదే ఉంటుంది కనుక పైనా కిందా ఏమి మారినా అది పట్టించదు.

ఫ్యాక్టరీలే చేతికందిన భాగాలు బిగించేవి, ఇక నియమమేమిటని కొందరంటారు. నిజమే, మినహాయింపులు ఉండవచ్చు. కానీ మినహాయింపు అని చెప్పేవారే అందుకు కాగితం చూపాలి. లేకపోతే ప్రతి తప్పుడు భాగమూ మినహాయింపే అవుతుంది. కొత్త కార్బురేటర్‌తో బండి హాయిగా నడుస్తుంటే ఈ గొడవెందుకన్నది రెండో అభ్యంతరం. రోజూ నడిపే బండికి అది న్యాయమైన మాటే. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బి, గట్టిపడి పాడవుతుంది కాబట్టి లోపలి పంప్ కప్పు, సీళ్లు కొత్తవి వేయడమే మేలు. దానివల్ల చరిత్రకు నష్టమేమీ లేదు. నష్టమల్లా పాత పోత మీద కొత్త నంబరు గుద్ది, అదే అసలుదని అమ్మినప్పుడే.

కాబట్టి కొనేవారు రెండు మాటల తేడా గుర్తుంచుకోవాలి. నంబరు, తేదీ, గేరు రకం, లోపలి జెట్లు అన్నీ ఒకదానితో ఒకటి పొసిగితే ‘ఆ మోడల్‌కు సరైనది’ అనవచ్చు. దానికి తగిన ధర ఇవ్వవచ్చు. ‘ఫ్యాక్టరీలో ఈ కారుకే బిగించినది’ అనే మాటకు మాత్రం మొదటి యజమాని నుంచి తెగకుండా వచ్చిన కాగితాలు అడగండి. అవి లేకపోతే ఆ మాటకు అదనంగా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.