మద్రాసు పలికిన సాయంకాలము

ఆకాశవాణి యను మాట మనకు క్రొత్తది కాదు. చెల్లెలిని రథమెక్కించుకొని పోవుచున్న కంసునితో, ఆమె యష్టమగర్భమే నీకు మృత్యువని పలికిన యశరీరవాణిని గూర్చి పురాణకాలక్షేపమున వినని పల్లె లేదు. ఇరువదవ శతాబ్దమున వచ్చిన యాకాశవాణి రాజులకొరకు గాక జనులందరికొరకు పుట్టినది. అయితే అది పండితులకు సమ్మతమైన భాషలో పలుకవలెనా, పామరులకు తెలియు భాషలో పలుకవలెనా యను చిక్కుప్రశ్న తెలుగువారికి కలిగినది. 1938వ సంవత్సరము జూన్ 16వ తేది సాయంకాలము మద్రాసులో ఆ ప్రశ్నకొక సమాధానము లభించినది. గ్రంథాలయమునకును రేడియోకును గల చుట్టరికము పాతది గనుక, ఆ సాయంకాలపు కథ ఈ రజతోత్సవ సంచికలో చెప్పుట తగునని తోచినది.

మద్రాసులో రేడియోను మొదట పుట్టించినది ప్రభుత్వము కాదు. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలగు ఉత్సాహవంతులు 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ యేటి జూలై 31వ తేదినుండి ప్రసారములు సాగించిరి. వారి తొలి యంత్రపు శక్తి 40 వాట్లు మాత్రమే. ఒక చిన్న విద్యుద్దీపమునకు చాలునంత. మూడేండ్లు నడపి, ధనము చాలక 1927లో క్లబ్బువారు దానిని మాని, తమ యంత్రమును మద్రాసు కార్పొరేషనువారికి ఒప్పగించిరి. ఆ సంవత్సరమే బొంబాయిలోను కలకత్తాలోను వ్యాపారముగా ఆరంభమైన కంపెనీ కూడ 1930లో మూతపడినది. సంవత్సరమునకు పది రూపాయల లైసెన్సు చెల్లించి రేడియో పెట్టుకొనువారు దేశమంతట కొన్ని వేలమందియే యుండిరి. ఆ రాబడితో పాటకచేరీలు నడచుట యెట్లు?

నాటి శ్రోతలలో పలువురు వాడినది స్ఫటికపు రేడియో. దానికి బ్యాటరీ అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. గెలీనా యను సీసపు ఖనిజపు ముక్కమీద సన్నని తీగకొనను ఆనించి, పలుకు చోటు దొరకువరకు ఓర్పుతో కదల్చుచుండవలెను. దొరకిన పిదప చెవులకు తగిలించుకొన్న హెడ్‌ఫోనులో సన్నగా పాట వినవచ్చును. ఇంటిలో ఒకరు వినుచుండగా తక్కినవారు ఆతని మొగము చూచి పాట యెట్లున్నదో ఊహించుకొనవలసినదే. చేయి తగిలి తీగ కదలినచో ఆ యానందమును అంతటితో సరి.

కార్పొరేషనువారు 1930 ఏప్రిల్ 1వ తేదినుండి సాయంకాల ప్రసారములు మొదలుపెట్టి, సముద్రతీరమునను ఉద్యానములందును లౌడుస్పీకర్లు అమర్చిరి. ఇది మిక్కిలి గొప్ప మార్పని నా యభిప్రాయము. అంతవరకు రేడియో వినుట లైసెన్సు గలవాని సొత్తు. ఇసుకమీద కూర్చుండినవాడు లైసెన్సు చూపనక్కరలేదు. బండి తోలువాడును, బడిపిల్లవాడును, వకీలును ఒక్క పాటనే వినిరి. సభకు టిక్కెట్టు కొనలేనివారికి సంగీతము ఉచితముగా దొరకిన మొదటి తావులలో మద్రాసు సముద్రతీరమొకటి.

1936 జూన్ 8వ తేదిన ప్రభుత్వ ప్రసారశాఖకు ఆలిండియా రేడియో యను పేరు వచ్చినది. రెండేండ్లకు, 1938 జూన్ 16న, దాని మద్రాసు కేంద్రము ఎగ్మూరులో ఆరంభింపబడెను. గవర్నరు ఎర్‌స్కిన్ ప్రభువు ప్రారంభించెను. ప్రధానమంత్రిగా నున్న రాజగోపాలాచారిగారు ప్రసంగించిరి. కేంద్రమునకు రెండు యంత్రములుండెను: 250 వాట్ల మీడియం వేవు యంత్రము నగరమునకు, 10 కిలోవాట్ల షార్టువేవు యంత్రము తక్కిన రాజధానికంతకును. మన తెలుగు జిల్లాలకు మాట అందించినది ఈ రెండవది.

కేంద్రము తెరచిన ఆ రోజుననే తెలుగులో తొలి ప్రసంగము చేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ప్రసంగమునకు పేరు ‘సజీవమైన తెలుగు’.

పంతులుగారి సంగతి ఎరుగనివారికి ఇందలి విశేషము బోధపడదు. 1863లో శ్రీకాకుళ ప్రాంతమున జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, కొండలలోని సవరల భాషను నేర్చి, వారికొరకు పుస్తకములు వ్రాసి బడులు పెట్టినవారాయన. ఆ యడవుల జ్వరమునకు సేవించిన క్వినైను వలన వినికిడి చెడినది. పిమ్మట తెలుగు పాఠ్యపుస్తకములు జనులు మాటలాడు భాషలో నుండవలెనని దశాబ్దములపాటు పోరాడిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు ఎదిరించిరి. ఆ వాదము రాజీ లేనిదై సాగినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, తెలుగువారి కట్టి దుఃఖము కలుగుట చూడలేక వృద్ధాప్యమున ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. మద్రాసు కేంద్రమున ప్రసంగించునాటికి ఆయనకు 74 ఏండ్లు నిండినవి. తన చెవులకు సరిగా వినరాని వృద్ధుడు, కేవలము చెవులకొరకే పుట్టిన యంత్రము ముందు కూర్చుండి, తెలుగు బ్రదికియున్న భాష యని లోకమునకు చాటుట! పురాణములలో అంధుడైన ధృతరాష్ట్రునకు సంజయుడు చెప్పిన కథ కంటె ఇది తక్కువ కథ కాదు.

ఈ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచు పంతులుగారికి నమస్కరించుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. తిక్కనను, పోతనను, బాలవ్యాకరణమును ఒంటరిగా కూర్చుండి చదువుకొన్నవాని చేతికి వేరు నడక సులభముగా రాదు. కాగితముమీద నిది చెల్లును. ‘అతివృష్టిచే సస్యములకు హాని వాటిల్లెను’ అని పుస్తకమున చూచినవాడు తెలియనిచో మరల చదువుకొనును, లేదా ప్రక్కవాని నడుగును. రేడియోలో ఆ వాక్యము ఒక్కమారు పలికి పోవును. సంధులు కలిసిపోయి ఒక మాట ఎచ్చట ముగిసినదో మరియొకటి ఎచ్చట మొదలైనదో తెలియకమునుపే తరువాతి వాక్యము వచ్చిపడును. ‘వానలు ఎక్కువై పంటలు పాడైనాయి’ అన్నచో పొలమునుండి వచ్చిన రైతునకు రెండవసారి చెప్పనక్కరలేదు. సభలలోను పత్రికలలోను తెగని వాదమును ఈ చిన్న యిబ్బంది చాలవరకు తెంచివైచినది. పండితులు ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, మైకు ఎదుట మాట మాటగానే ఉండవలసివచ్చినది.

రెండుదినముల పిదప, జూన్ 18న, ముద్దుకృష్ణగారి ‘అనార్కలి’ నాటకము ప్రసారమైనది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సలీము పాత్ర ధరించిరి. కిరీటము, భుజకీర్తులు, హార్మోనియముతో రాగాలాపన లేక నాటకముండదని నమ్మిన కాలమున, వేషము లేని నాటకము ఎట్లుండెనో ఊహించుకొనుడు.

ఇక పల్లెల సంగతి. సాయంకాలమే రేడియో వేళ యగుటకు పనులు తీరుట యొక్కటే కారణము కాదు. భూమికి చాల ఎత్తున విద్యుత్కణములతో నిండిన పొరలున్నవి. పై పొరలు రేడియో తరంగములను అద్దమువలె మరల భూమికి త్రిప్పి పంపును. పగటివేళ సూర్యకిరణములచే వానిక్రింద ఏర్పడు పొర కొన్ని తరంగములను మ్రింగివేయును. ప్రొద్దుగ్రుంకగానే ఆ క్రింది పొర క్షీణించును, దూరపు కేంద్రములు వినవచ్చును. పై పొరలు నిలుకడగా ఉండవు గనుక పాట ఒకప్పుడు దగ్గరకు వచ్చి, ఒకప్పుడు దూరమై, నడుమ కీచుమనుచుండెడిది.

విద్యుత్తు లేని ఊళ్ళలో రేడియో బ్యాటరీలతో నడచెడిది. రెండు వెదురుగడల నడుమ ఏరియల్ తీగ; పెట్టెనుండి నేలలోనికి ఎర్తు తీగ; దానిమొదట మన్ను ఆరిపోకుండ చెంబెడు నీళ్ళు. ద్రావకము పోసిన బ్యాటరీలను పట్టణమునకు మోసికొనిపోయి ఛార్జి చేయించి తేవలసియుండెను. అందుచేత రేడియోను పొదుపుగా తిప్పిరి: వార్తలకు తెరచుట, ముగియగానే కట్టివేయుట. పాట మంచి పట్టులో నుండగా కట్టివేయించుకొన్న యజమానిని పిల్లలు తిట్టుకొనని ఇల్లుండదు.

అంతకుముందు గ్రామముల సాయంకాలము పత్రికది. ఆంధ్రపత్రిక 1914నుండి దినపత్రికగా మద్రాసునుండి వెలువడుచుండెను. ఆలస్యముగా చేరిన పత్రికను గ్రంథాలయపు అరుగుమీద అక్షరాస్యుడొకడు బిగ్గరగా చదువగా తక్కినవారు వినెడివారు. చదువువాడు తనకు నచ్చిన వార్త చదువును, నచ్చనిది దాటవేయును. అర్థము కూడ తన యిష్టమువచ్చినట్లు చెప్పును. కరణముల అరుగులమీద దస్తావేజులు చదివించుకొనుటయు అట్లే జరిగెడిది; అక్షరము వచ్చినవాని నోటిమాటను నమ్ముట తప్ప గత్యంతరము లేదు. రేడియో ఆ నడిమివానిని తొలగించినది. చదువు రానివాడును చదివినవాడును వార్తను ఒక్క క్షణముననే వినిరి. ఇది చదువుకొన్నవారిలో కొందరికి రుచింపలేదన్న సత్యమును దాచనక్కరలేదు. అయితే పత్రికలో ఉన్న సుఖమొకటి రేడియోలో లేదు: మరల చదువుమని అడుగుటకు వీలు లేదు.

1939లో యుద్ధము రాగా ఢిల్లీనుండి తెలుగు వార్తలు ఆరంభమైనవి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపానువారి బాంబులు పడిన పిమ్మట, వార్తలవేళ రేడియోగల ఇంటిముందు చోటు దొరకుట కష్టమైనది. విన్నదంతయు జనులు నమ్మిరనుకొనరాదు. అది తెల్లదొరల రేడియో యని ఎరుగుదురు. ఒకటికి సగము తీసివేసి వినిరి.

రామమూర్తి పంతులుగారు 1940 జనవరి 22న దివంగతులైరి. తెలుగుగడ్డమీద ఆలిండియా రేడియో కేంద్రము నాయన చూడలేదు. హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935నాటికే యున్నను అది ప్రధానముగా ఉర్దూలో నడచినది. 1950 ఏప్రిల్ 1న కేంద్రప్రభుత్వముక్రిందకు వచ్చినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. అప్పటినుండి చుట్టుప్రక్కల ఊళ్ళవారు పట్టపగలే తెలుగు వినగలిగిరి. మద్రాసుకొరకు కట్టిన ఎత్తైన తీగలు చాల ఇండ్ల పెరళ్ళలో బట్టలారవేయుటకు ఉపయోగపడినవి.