నోమిక్: స్వయంసవరణ ఆటలో లొసుగులు, న్యాయ కల్పనలు

నోమిక్ ఆటలో పావులుండవు. నిబంధనను మార్చడమే ఎత్తు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఎర్లామ్ కళాశాల తత్వశాస్త్ర ఆచార్యుడు పీటర్ సూబర్ దీన్ని రూపొందించారు. 1982 జూన్‌లో డగ్లస్ హాఫ్‌స్టాడర్ 'సైంటిఫిక్ అమెరికన్'లోని తన శీర్షికలో పరిచయం చేయడంతో ఇది ప్రచారంలోకి వచ్చింది.

ఆట వెనుక ఒక న్యాయ సమస్య ఉంది. రాజ్యాంగ సవరణకు అధికారమిచ్చే అధికరణం తనను తానే సవరించుకోగలదా? డెన్మార్క్ రాజ్యాంగంలోని 88వ అధికరణాన్ని ముందుపెట్టుకుని డేనిష్ న్యాయతత్వవేత్త ఆల్ఫ్ రాస్ 1969లో ఈ ప్రశ్న లేవనెత్తారు, అది తర్కానికి నిలవదన్నారు. తర్కం ఒప్పుకోకపోయినా చట్టం ఆ పని చేసుకుపోతూనే ఉంటుందన్నది సూబర్ వాదన. 1990లో వచ్చిన ఆయన గ్రంథానికి నోమిక్ అనుబంధం. మన రాజ్యాంగ సవరణకు వీలిచ్చే 368వ అధికరణం చుట్టూ 1973లో కేశవానంద భారతి కేసులో నడిచిన వాదం కూడా ఈ ప్రశ్నకు దగ్గరి చుట్టమే.

మొదటి నిబంధనావళిలో 101 నుంచి 116 వరకు స్థిరమైనవి, 201 నుంచి 213 వరకు మార్చదగినవి. స్థిరమైన దాన్ని కదిలించాలంటే ముందు అందరూ ఒప్పుకుని దాన్ని మార్చదగిన వర్గంలోకి దించాలి. లొసుగులకు తలుపు తెరిచింది 116వ నిబంధన: నిషేధించనిదీ నియంత్రించనిదీ ఏదైనా చేయవచ్చు, నిబంధనల మార్పు ఒక్కటి తప్ప. 213వది ఇంకా సాహసోపేతం. ఆట ముందుకు సాగడం అసాధ్యమైనా, ఒక ఎత్తు చెల్లుతుందో లేదో తేల్చలేకపోయినా, తన వంతు పూర్తిచేయలేని మొదటి ఆటగాడే విజేత. చిక్కుముడి వేయడాన్నే గెలుపు మార్గం చేసిన నిబంధన ఇది.

1993లో మొదలై ఈమెయిళ్ల మీద నడుస్తూ వచ్చిన 'అగోరా' అనే నోమిక్ ఆటలో లొసుగుల వేట ఒక విద్యగా ఎదిగింది. ఆటగాళ్లు దాన్ని 'స్కామ్' అంటారు, కానీ ఆ మాటలో నింద లేదు. అసలు ప్రమాదం తెలివైన ఎత్తుల వల్ల కాదు, ఎవరూ గమనించని పొరపాట్ల వల్ల. ఎప్పుడో జరిగిన ఓటింగు చెల్లదని ఇవాళ తేలితే, దాని మీద కట్టిన పదవులు, పాయింట్లు, నిబంధనలు అన్నీ కూలిపోవాలి. దీనికి అగోరా కనుగొన్న విరుగుడు 'ధ్రువీకరణ'. అధికారిక నివేదికను ప్రకటించాక వారంలోగా ఎవరూ సవాలు చేయకపోతే, అందులో తప్పున్నా అది నిజమైనట్టే ఆట స్థితి సర్దుకుంటుంది. జరిగిన చరిత్ర మారదు, ఇప్పటి స్థితి మాత్రమే మారుతుంది. నోమిక్ సంప్రదాయం ఇచ్చిన వాటిలో ఇంతకన్నా గొప్ప ఆవిష్కరణ లేదు.

లేనిదాన్ని ఉన్నట్టు భావించే ఇలాంటి న్యాయ కల్పనలు ఇంగ్లండు న్యాయస్థానాలకు పాతవే. తన పరిధిలోకి రాని దావాలు వినేందుకు కింగ్స్ బెంచ్ కోర్టు ప్రతివాది మిడిల్‌సెక్స్‌లో అక్రమ ప్రవేశం చేశాడని అనుకునేది. భూమి తగాదాల్లో జాన్ డో అనే లేని మనిషి వాదిగా నిలిచేవాడు, 1852 చట్టంతో అతనికి సెలవు దొరికింది. అయితే ఆ కోర్టుల్లో కల్పనను కాదనే హక్కు ప్రతివాదికి ఉండేది కాదు. అగోరాలో వారం గడువున్నంతవరకూ ఎవరైనా కాదనవచ్చు. ఆ కల్పనకు న్యాయబద్ధత వచ్చేది అక్కడే.

ధ్రువీకరణకూ, లొసుగులకూ హద్దులున్నాయి. ధ్రువీకరణ వల్ల ఆట స్థితికీ నిబంధనలకూ మధ్య కొత్త వైరుధ్యం పుట్టకూడదు. నాలుగు వారాల్లోగా కోరిన సవరణ తెచ్చుకునే వీలును పూర్తిగా మూసేసే మార్పేదీ అగోరాలో చెల్లదు, అది స్కామ్ ద్వారా వచ్చినా, అందరి ఓటుతో వచ్చినా.