రంజకాల స్వయం అమరికలో మెలిక: కైరాలిటీకి కాలం తోడైనప్పుడు

రంజకపు అణువులు ద్రావణంలో ఒకదానిపై ఒకటి పేరుకుని పొడవాటి వరుసలు కడతాయన్న సంగతి 1930ల నుంచి తెలిసిందే. నీటిలో విడిగా ఉన్నప్పుడు 525 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే సూడోఐసోసయనిన్, గాఢత పెంచితే 573 దగ్గర సన్నని కొత్త పట్టీ చూపుతుంది. దీన్ని గమనించిన జెల్లీ పేరులోని మొదటి అక్షరంతోనే ఇలాంటి వరుసలను జె-అగ్రిగేట్లు అంటున్నాం. అలాంటి వరుసలు మెలితిరగవచ్చు కూడా. ఆ మెలిక ఏ వైపో ఎవరు నిర్ణయిస్తారన్నది ఈ వ్యాసంలో నా ప్రశ్న.

తరగతిగదిలో చెప్పే జవాబు తేలికైనది. అణువు పక్కగొలుసులో ఒక కైరల్ కార్బన్, అంటే తన అద్దపు ప్రతిబింబంతో సరిపడని అమరిక గల కార్బన్, ఉంటే దాని ఎడమ కుడి తత్వమే వరుసకూ సంక్రమిస్తుంది. సమతాస్థితికి చేరిన ద్రావణానికి ఈ మాట సరిపోతుంది. అక్కడికి చేరేలోపు జరిగేది వేరు.

2012లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మేయర్ బృందం ఎస్-రూపపు ఒలిగోఫెనిలీన్‌వినిలీన్ అణువును మిథైల్‌సైక్లోహెక్సేన్‌లో పరిశీలించింది. స్థిరమైన వరుస ఎడమమెలికది. కానీ త్వరగా పుట్టేది కుడిమెలికది. అణువులోని కైరల్ కార్బన్ మారలేదు, వరుస మెలిక మాత్రం తలకిందులైంది. తొందరగా కట్టిన ఆ వరుసలు విడి అణువులను తమలో బంధించి ఉంచుతాయి. అవి విడిపోతే తప్ప స్థిరమైన వరుసకు ముడిసరుకు అందదు. టార్టారిక్ ఆమ్లపు కైరల్ రూపాన్ని సహాయకంగా వాడి, అమరికను పూర్తిగా అస్థిర రూపం వైపే నడిపించవచ్చని కూడా వారు చూపారు. మన చింతపండు పులుపులో ఉన్నది ఈ ఆమ్లమే. 1848లో పాశ్చర్ ఎడమ, కుడి స్ఫటికాలను చేత్తో ఏరింది కూడా దీని లవణంలోంచే.

పాశ్చర్ స్ఫటికాల ప్రశ్న వరుసల స్థాయిలో మళ్లీ ఎదురవుతుంది. రెండు చేతుల అణువులూ సమానంగా కలిసిన రెసిమిక్ మిశ్రమంలో ఎవరి పక్కన ఎవరు చేరతారు? జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో వుర్ట్నర్ బృందం 2020లో పెరిలీన్ బిస్‌ఇమైడ్లపై ఈ ప్రశ్నే వేసింది. గతిశాస్త్ర నియంత్రణలో ఎడమవి ఎడమవాటితో, కుడివి కుడివాటితో చేరి విడివిడి వరుసలు కట్టాయి. ఉష్ణగతిక నియంత్రణలో ఎడమ, కుడి అణువులు కలిసిన వరుసలే నిలిచాయి. త్వరగా కుదిరే పొత్తు వేరు, చివరిదాకా నిలిచే పొత్తు వేరు. నా దృష్టిలో ఈ రంగానికి దొరికిన అతి విలువైన ఫలితాల్లో ఇదొకటి. ఎందుకంటే ఇక్కడ కైరాలిటీనీ గతిశాస్త్రాన్నీ విడదీసి చెప్పడానికి వీల్లేదు.

అణువులో కైరాలిటీ అసలే లేకపోతే? సల్ఫోనేటెడ్ పోర్ఫిరిన్ ద్రావణంలో ఆమ్లం చుక్కలు వేస్తే అది పచ్చబడుతుంది. 434 నానోమీటర్ల దగ్గరి పట్టీ తగ్గుతూ, 490 దగ్గర జె-పట్టీ లేస్తుంది. 2001లో బార్సిలోనాలో రిబో బృందం ఇలాంటి వరుసలు ఏర్పడుతున్నంతసేపూ ద్రావణాన్ని సుడి తిప్పింది. తిప్పిన దిశను బట్టి సీడీ సంకేతపు గుర్తు మారింది. ఎడమ, కుడి వృత్తధ్రువిత కాంతుల శోషణలో తేడాను కొలిచేదే సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం). వరుస పుడుతున్న వేళ తగిలిన కదలికే దాని మెలికను మలిచింది.

వరుస పుట్టే వేళను మన చేతిలోకి తెచ్చుకునే దారి కూడా ఉంది. పాలు తోడుపెట్టే ఇంట్లో ఎవరికైనా తెలుసు: కాస్త పెరుగు వేస్తే గిన్నెడు పాలు తోడుకుంటాయి. 2014లో జపాన్‌లోని త్సుకుబాలో సుగియాసు, తకెయుచి బృందం పోర్ఫిరిన్ వరుసలకు అచ్చం ఇలాగే తోడువేసింది. మొదట ఏర్పడిన అస్థిర కణాలు తమంతట తాము పోగులుగా మారడానికి చాలాసేపు ఆగుతాయి. తుంచిన పోగుముక్కలు కాసిని కలిపితే ఆ నిరీక్షణ ఉండదు. కొత్త అణువులు ఆ ముక్కల కొనలకే అతుక్కుంటాయి. వేసిన తోడు పాళ్లను బట్టి పోగు పొడవు కూడా చేతికి లొంగుతుంది.

అందుకే సీడీ వర్ణపటం ముద్రించిన ప్రతి పత్రంలో నేను ముందు వెతికేది శీతలీకరణ రేటును. నిమిషానికి ఎన్ని డిగ్రీలు చల్లార్చారు? ఎంతసేపు ఆగి కొలిచారు? కలియబెట్టారా, ఏ దిశలో? ద్రావణం పోసే చిన్న పాత్ర కువెట్‌లో అంతకుముందటి ద్రావణపు మరక మిగిలిందా? ఆ మరకే తోడు కావచ్చు. ఈ వివరాలు లేని వర్ణపటంలో కనిపించిన గుర్తు ఆ అణువుదో, కొలిచిన ఆ నిమిషానిదో తేల్చలేం. మళ్లీ వేడిచేసి, నెమ్మదిగా చల్లార్చి, మర్నాడు ఇంకోసారి కొలిస్తే తప్ప.