తిరగరాసిన నోటు

లేపాక్షి గుడికి వెళ్తే గైడు గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపించకుండా వదలడు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, రాజుకు చెప్పకుండా ఖజానా సొమ్ముతో ఈ గుడి కట్టించాడట. లెక్క బయటపడి కళ్లు తీయమని ఆజ్ఞ వచ్చేసరికి తనే పీకి గోడకు విసిరాడట. గుడి కట్టించింది విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ అన్నంత వరకు చరిత్ర, మిగతాది జనం చెప్పుకునే కథ. లిమిట్ దాటిన ఖర్చు గురించి ఈ సీమలో చెప్పుకునే మొదటి కథ మాత్రం ఇదే. ఆనాటి రికవరీ పద్ధతి ఇప్పటి ఏజెంట్లకంటే కాస్త కఠినం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ల అప్పుల చరిత్రను వెనక్కి తిరిగి చూసుకుంటూ వస్తే నాకొకటి గట్టిగా తోస్తుంది. ఇక్కడి జనాన్ని వడ్డీ రేటు కంటే ఎక్కువగా ముంచింది, తీరని బాకీని కొత్త బాకీగా తిరగరాసుకునే వెసులుబాటు. ప్రభుత్వాలు, చట్టాలు ఎప్పుడొచ్చినా ఎక్కువగా రేటు మీదే పడ్డాయి. తిరగరాయడం మటుకు వేషం మార్చుకుంటూ క్రెడిట్ కార్డు దాకా వచ్చింది.

మొదట్లో అంతా వాన కథే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానతో బతికే సీమ ఇది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, 1807 దాకా థామస్ మన్రో దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్నాడు. రైత్వారీ పద్ధతిలో శిస్తు నేరుగా రైతు మీదే పడింది, అదీ రొక్కంగా. బావికి, ఎద్దులకు, విత్తనాలకు సర్కారు తక్కావి అప్పులు ఇచ్చేది. కానీ వాన తప్పినా కిస్తు తేదీ తప్పదు కదా. ఆ సందులోంచి షావుకారు ఇంట్లోకి వచ్చాడు. 1876–78 కరువులో, ఈ ఊళ్లన్నీ ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్నప్పుడు, అప్పు పుట్టడమే గగనమైంది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. 1883లో, 1884లో రైతుల అప్పులకు చట్టాలు వచ్చాయి, 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. 1951–52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ పరపతి సర్వేలో దేశం మొత్తం మీద రైతు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం!

మిగతాదంతా ఎక్కడిదంటే, ఎక్కువ భాగం వడ్డీవ్యాపారులదే. ఆ అప్పుకు ఆధారం ప్రోనోటు. పేరు, మొత్తం, నూటికి నెలకు ఇన్ని రూపాయల వడ్డీ అని ఒక మాట, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. నోటుకు చట్టంలో మూడేళ్లే ఆయుష్షు. మూడో ఏడు నిండబోతుండగా అప్పిచ్చినాయన ఇంటికొస్తాడు. డబ్బు లేదంటే గొడవ పడడు, కొత్త నోటు రాయమంటాడు. అప్పటిదాకా పెరిగిన వడ్డీ అసల్లో కలిసిపోతుంది. పదివేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పైసా కట్టలేదనుకోండి. బారువడ్డీ లెక్కనే తొమ్మిదేళ్లకు 31,600 అవుతుంది. మూడేళ్లకోసారి నోటు తిరగరాస్తే అదే రేటుకు 50,884. రేటు పెరగలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు, సంతకాలు మాత్రం రెండు ఎక్కువ పడ్డాయి.

1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం ఈ ముడిని విప్పాలని నిజంగానే చూసింది. పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టినవాడికి బాకీ పూర్తిగా తీరినట్టే అంది. ఆ తరంలో అంత సాహసం చేసిన చట్టాలు తక్కువ. అయితే ఇలాంటి చట్టాలకు మన పల్లెల్లో పాత విరుగుడొకటి ఉంది. చేతికిచ్చింది ఏడు వందలైతే నోటులో వెయ్యి రాయించుకోవడం. దానికి ఏ కోర్టులో సాక్ష్యం దొరుకుతుంది?

పట్టుచీరలు నేసే ధర్మవరంలో నోటు కూడా అక్కర్లేకపోయింది. పట్టు, జరీ షావుకారే ఇస్తాడు, నేతగాడు చీర నేసి ఇచ్చి కూలి తీసుకుంటాడు. మగ్గంలోకి దిగేముందే అడ్వాన్సు పేరుతో కొంత చేతిలో పడుతుంది. పెళ్లికి ఇంకొంత, ఆస్పత్రికి ఇంకొంత. కూలిలోంచి వారంవారం కోత పడుతుంది, బాకీ పుస్తకం షావుకారి దగ్గరే ఉంటుంది. ఎక్కువ కూలి ఇస్తానని ఇంకొకరు పిలిచినా వెళ్లాలంటే పాత బాకీ తీర్చాలి. కొత్త షావుకారు ఆ మొత్తం కట్టి మనిషిని తన పుస్తకంలోకి మార్చుకుంటాడు. చాలా అడ్వాన్సులకు వడ్డీయే ఉండదు, అదే ఇందులో గమ్మత్తు. వడ్డీ కూలిలో కలిసిపోయి ఉంటుంది, కనపడదు. పట్టు ధర ఎగిరినప్పుడు, మరమగ్గం చీర సగం ధరకు అంగడిలోకి వచ్చినప్పుడు ఆ బాకీలు ఉరితాళ్లైన ఇళ్లు ధర్మవరంలో ఉన్నాయి. నేతన్న నేస్తం పేరుతో ఏటా 24,000 రూపాయలిచ్చిన పథకాన్ని 2019 డిసెంబరు 21న ఈ ఊళ్లోనే మొదలుపెట్టింది ఊరికే కాదు.

బ్యాంకుల జాతీయకరణ, గ్రామీణ బ్యాంకులు, డ్వాక్రా సంఘాలు, పావలా వడ్డీ, సున్నా వడ్డీ, 1990, 2008, 2014 మాఫీలు పాఠకులకు తెలిసినవే. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారంకంతుల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఒక సంస్థ కంతు కట్టడానికి ఇంకో సంస్థలో అప్పు తెచ్చిన ఆడవాళ్ల గోడు దాని వెనక ఉంది. అదీ తిరగరాయడమే, ఈసారి కాగితాలు నాలుగైదు.

కార్డు మనకు కొత్తదేమీ కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, 1981 నాటికే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో ముందుగా ఆ పని చేసిన బ్యాంకుల్లో అదొకటి. హిందూపురం బెల్లం మండీకి, చింతపండు మార్కెట్‌కి అప్పట్లో దాంతో పని పడలేదు. అక్కడ నోటిమాట మీదే సరుకు కదిలేది. ఈ సీమలో ఇంటింటికీ చేరిన మొదటి కార్డు 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు. ఏడాదికి 7 శాతానికి ఇచ్చి, గడువులోగా కట్టేవాళ్లకు 3 శాతం తగ్గించే ఏర్పాటు తర్వాత కలిసింది. షావుకారి వడ్డీతో పోలిస్తే ఇది చాలా చౌక. అయినా వేరుశనగ ఎండిన ఏడు ఏం జరిగేదో పల్లెల్లో అందరికీ తెలుసు. గడువు తేదీకి పక్క ఊరి వడ్డీవ్యాపారి దగ్గర రెండు రోజులకు డబ్బు తెచ్చి బ్యాంకులో కట్టడం, లోను రెన్యూవల్ కాగానే తీసి అతని చేతిలో పెట్టడం. బ్యాంకు పుస్తకంలో అప్పు తీరింది, ఇంట్లో తీరలేదు. నేతగాళ్లకు 2011 ప్రాంతంలో వీవర్ క్రెడిట్ కార్డు వచ్చింది. తర్వాత అది ముద్రా రుణ పథకంలో కలిసి ఏడాదికి 6 శాతానికి, అంటే అర్ధరూపాయి వడ్డీకి, అప్పు దొరికే దారి అయింది. షావుకారి పుస్తకంలోంచి బయటపడాలంటే అంతకంటే మంచి తలుపు లేదు.

పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలైంది. నెల జీతం, జీతం అకౌంటు, వెంటే క్రెడిట్ కార్డు. తాతకు తక్కావి, తండ్రికి కిసాన్ కార్డు అందిన ఇంట్లో కొడుకు ఫోన్‌లో ఇప్పుడు రివార్డు పాయింట్లు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించుకుని టీకొట్టు దగ్గర కూడా స్కాన్ చేయొచ్చు. నెలనెలా మొత్తం బిల్లు కట్టేవాడికి ఇది నిజంగా లాభమే. నలభై యాభై రోజుల దాకా వడ్డీ లేకుండా ఎవరిస్తారు? కట్టనివాడి లెక్క వేరు. కార్డుల మీద నెలకు మూడున్నర, మూడు ముప్పావు శాతం మామూలు. మండీ భాషలో మూడు రూపాయల ముప్పావలా వడ్డీ. ఆ రేటు చెబితే హిందూపురంలో ఏ పెద్దమనిషీ నోటు రాయడు.

ఒక లెక్క చూడండి. కార్డు మీద బాకీ 40,000. ఐదు శాతం కనీస మొత్తం 2,000 కట్టేసి ఊపిరి పీల్చుకున్నారు. అందులో వడ్డీ 1,500, దాని మీద జీఎస్టీ 270. అసలు తగ్గింది 230 రూపాయలు. పైగా ఆ నెలలో కొన్న కొత్త సరుకులకు వడ్డీ లేని గడువు కూడా పోయింది. ఇక పాయింట్లంటారా, నూటికో పాయింటు, పాయింటుకు పావలా చొప్పున నలభై వేల కొనుగోలుకు వచ్చింది నూరు రూపాయలు. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే వడ్డీ అదే రోజు మొదలవుతుంది, ఫీజు అదనం. మూడేళ్లకోసారి నోటు తిరగరాసే షావుకారు కనీసం ఇంటికొచ్చి మొహం చూపించేవాడు. కార్డు నెలకోసారి తిరగరాస్తుంది, సంతకం కూడా అడగదు.

చట్టం ఇక్కడ కూడా ముందు రేటు దగ్గరే పోరాడింది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నా దృష్టిలో 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలే అసలు చోట పట్టుకున్నాయి. కనీస మొత్తం కట్టాక కూడా బాకీ పెరిగేలా లెక్క వేయకూడదని అవి చెప్పాయి. అడగని కార్డు అంటగట్టకూడదు. బాకీ ఏమీ లేని కార్డు మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున వాళ్లే కట్టాలి. ఆ మాట ఎందరికి తెలుసు?

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు కార్డు బాకీకి ఇంకో కార్డో, లోన్ యాప్‌నో వెతుక్కోవడం 2010 నాటి కథే. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదవపెట్టి, సుమారు రూపాయి లోపు వడ్డీకి తెచ్చి కార్డు మొత్తం ఒకేసారి తీర్చేయడం మేలు. బంగారం లేకపోతే బాకీని తక్కువ వడ్డీ కంతులుగా మార్చమని బ్యాంకునే అడగాలి. ఆ కంతులు తీరేదాకా కార్డును బయటికి తీయకూడదు, పండగ ఆఫర్ వచ్చినా సరే. కొత్త అప్పు తీరే తేదీ కూడా ఆ రోజే రాసి పెట్టుకోవాలి, తిరగరాయడానికి వీల్లేకుండా.